వేలిముద్ర కావాలి, గొంతు వద్దు

తెలుగులో ఇప్పుడు నేరం బాగా వినబడుతోంది. రాత్రి పదకొండు దాటాక చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని పడుకునే మనలాంటి వాళ్ల కోసమే అన్నట్టు వారానికో హత్య, వారానికో దోపిడీ తయారై వస్తోంది. ముందు కుక్కల అరుపు, తలుపు కిర్రుమన్న చప్పుడు. తర్వాత గొంతు తగ్గించి మాట్లాడే కథకుడు. ఫలానా తారీకు, ఫలానా ఊరు, అర్ధరాత్రి. మధ్యలో ఓ ఆన్‌లైన్ కోర్సు ప్రకటన. మళ్లీ కథ. నిందితుడు దొరికాడు, నేరం ఒప్పుకున్నాడు, ప్రెస్ మీట్ పెట్టారు. అక్కడితో కథ కంచికి.

ఆ ప్రెస్ మీట్ టీవీలో మనందరం చూసిందే. ఒక బల్ల, దాని మీద గుడ్డ, గుడ్డ మీద వరసగా గాజులు, గొలుసులు, సెల్‌ఫోన్లు, ఒక కత్తి. కుర్చీల్లో అధికారులు. వాళ్ల వెనక ముసుగులు తొడిగి నిలబెట్టిన నలుగురు. ఆ సమావేశంలో అందరూ మాట్లాడతారు, ఆ నలుగురు తప్ప. నగలకి లెక్కుంటుంది, ఎన్ని గ్రాములో చెప్తారు. ముసుగుల గురించి చెప్పేది మాత్రం రెండే మాటలు: పాత నేరస్తులు.

మన క్రైమ్ పాడ్‌కాస్టులకి ముడిసరుకు ఇదే. ఎఫ్ఐఆర్‌కి నేపథ్య సంగీతం కలిపితే ఎపిసోడ్ అయిపోతుంది. కథకుడి గొంతు ఎంత బాగున్నా అది పోలీసు రాసిన కథే. ముసుగులో ఉన్నవాడిని అడిగిందెవరు?

ఇంకోవైపు జైలు రేడియో అని ఒకటి ఉంది. దేశంలో చాలా జైళ్లలో నడుస్తోంది. అందులో ఖైదీలే మైకు ముందు కూర్చుంటారు, పాటలు వేస్తారు, మాట్లాడతారు. చూడముచ్చటగా ఉంటుంది. కానీ అక్కడ వినిపించేవి ఎక్కువగా జైలుకి ఇష్టమైన మాటలే.

కాబట్టి నా గొడవ ఇది. క్రైమ్ పాడ్‌కాస్టులో ఖైదీ కథ ఉంటుంది, ఖైదీ గొంతు ఉండదు. జైలు రేడియోలో ఖైదీ గొంతు ఉంటుంది, ఖైదీ కథ ఉండదు. రెండూ ఒకేచోట కలిసిన కార్యక్రమం తెలుగులో ఒక్కటీ నా చెవిన పడలేదు. పడకపోవడం యాదృచ్ఛికం కాదని, దాని వెనక ఒక చరిత్ర, ఒక చట్టం, మన బద్ధకం ఉన్నాయని చెప్పడానికే ఇది రాస్తున్నాను.

*

నాది కావలి వైపు. నెల్లూరు జిల్లా సముద్రం పక్క ఊళ్లలో పెరిగినవాళ్లకి 'సెటిల్‌మెంటు' అనే మాట కొత్తగా చెప్పక్కర్లేదు. ఆస్తి తగాదాల సెటిల్‌మెంటు కాదు. బిట్రగుంట అంటే రైల్వేవాళ్లకి ఒకప్పటి ఆవిరి ఇంజన్ల లోకోషెడ్ గుర్తొస్తుంది. మాకు దాని పక్కనున్న కప్పరాళ్లతిప్ప గుర్తొస్తుంది.

1871లో తెల్లదొరలు క్రిమినల్ ట్రైబ్స్ చట్టం చేశారు. 1911లో దాన్ని మద్రాసు ప్రెసిడెన్సీకి తెచ్చారు. ఫలానా కులంలో పుడితే చాలు, నేరస్తుడే. ఎరుకలవాళ్లని, మరికొన్ని సంచార కులాలని జాబితాల్లోకి ఎక్కించారు. మా వైపు యానాదులు కూడా ఆ చట్టం దెబ్బ తిన్నారు. వాళ్లని సెటిల్‌మెంట్లలో పెట్టారు. బాపట్ల దగ్గర స్టూవర్టుపురాన్ని సాల్వేషన్ ఆర్మీ నడిపింది. కావలి దగ్గర పని అమెరికన్ బాప్టిస్టు మిషన్ చేతిలో ఉండేది. ఊరు దాటాలంటే పాసు. పూట పూటకీ హాజరు. రిజిస్టర్లో పేరు, పేరు పక్కన వేలిముద్ర.

ఆ రిజిస్టర్‌లో కావాల్సినవన్నీ ఉన్నాయి: మనిషి ఎవరి కొడుకో, ఎక్కడ పుట్టాడో, ఒంటిమీద ఏ గుర్తులున్నాయో, బొటనవేలి మీద గీతలు ఎట్లా తిరిగాయో. వాడు ఏమన్నాడన్నది మాత్రం లేదు. అది రాసుకోవడానికి గడే లేదు.

మద్రాసు రాష్ట్రం ఈ చట్టాన్ని 1947లో ఎత్తేసింది, దేశమంతటా 1952లో పోయింది. పోయిందా? దాని స్థానంలో 'అలవాటుపడ్డ నేరస్తుల' చట్టాలొచ్చాయి. పాత రిజిస్టర్‌కి కొత్త అట్ట. యానాదుల కోసం బతుకంతా తిరిగిన నెల్లూరు మనిషి వెన్నెలకంటి రాఘవయ్య వాళ్ల మీద ఇంగ్లీషులో ఒక పెద్ద పుస్తకం రాశాడు, 1962లో వచ్చింది. వాళ్ల నుదుటి మీది ఆ ముద్ర చెరపడానికే ఆయన సగం జీవితం పోయింది. ఇప్పటికీ మా వైపు ఒక ఇంట్లో దొంగతనం జరిగితే రొయ్యల గుంటల కాడ కాపలా ఉండే యానాది గుడిసె వైపే ముందు చూపు పోతుంది.

సినిమా కూడా అటే చూసింది. 1991లో 'స్టూవర్టుపురం పోలీస్‌స్టేషన్' వచ్చింది. 2023లో 'టైగర్ నాగేశ్వరరావు' వచ్చింది. రెండోదాని మీద ఎరుకలవాళ్ల అభ్యంతరం హైకోర్టు దాకా వెళ్లింది. సినిమా ఆగలేదు. ఒక ఊరి పేరుని వందేళ్లపాటు దొంగ అనే మాటకి పర్యాయపదం చేసి, దాన్నే మళ్లీ మళ్లీ టికెట్లకి అమ్ముకున్నాం. ఇప్పుడు అదే సరుకు చెవుల్లోకి వస్తోంది, టికెట్ కూడా అక్కర్లేకుండా.

2024 అక్టోబరు 3న సుప్రీంకోర్టు ఒక తీర్పిచ్చింది. సుకన్యా శాంత అనే జర్నలిస్టు వేసిన కేసు. జైళ్లలో కులాన్ని బట్టి పని పంచే నిబంధనలు, 'సంచార జాతులు', 'నేర స్వభావం' లాంటి మాటలతో మనుషుల్ని వేరుచేసే నిబంధనలు రాజ్యాంగ విరుద్ధమని చెప్పింది. ఖైదీల రిజిస్టర్లలో కులం గడి తీసేయమంది. అప్పటిదాకా ఆ గడి ఉందన్నమాట! స్వతంత్రం వచ్చిన 77 ఏళ్లకి, ఒక జర్నలిస్టు జైళ్లు తిరిగినవాళ్లతో మాట్లాడి, వాళ్లు చెప్పింది రాస్తే, ఆ రాతలోంచి పుట్టిన కేసు అది. లోపలి గొంతు బయటికొస్తే ఏమవుతుందో తెలుసుకోవడానికి ఇంతకంటే దాఖలా ఏం కావాలి?

*

మీరు అడగొచ్చు: తెలుగులో జైలు సాహిత్యానికి కొదవేముంది? నిజమే, కొదవ లేదు. ఉన్నవ లక్ష్మీనారాయణ 'మాలపల్లి' రాసింది రాయవేలూరు జైల్లో. దాశరథి నిజామాబాద్ జైల్లో పళ్లు తోముకోవడానికిచ్చిన బొగ్గుతో గోడల మీద పద్యాలు రాశాడు. వరవరరావు జైలు లేఖలు 'సహచరులు'గా వచ్చాయి. మా నెల్లూరి పొణకా కనకమ్మ స్వాతంత్ర్యోద్యమంలో రాయవేలూరు జైలుకి వెళ్లొచ్చింది. ఆవిడ ఆత్మకథ 'కనకపుష్యరాగం' పుస్తకంగా వచ్చింది 2011లో. ఆవిడ పోయింది 1963లో. కస్తూరిదేవి విద్యాలయం స్థాపించిన మనిషి, కవయిత్రి, పత్రిక నడిపిన మనిషి. ఆవిడ గొంతు మనదాకా రావడానికే దాదాపు అర్ధశతాబ్దం పట్టింది.

ఈ పేర్లన్నిట్లో ఉమ్మడిగా ఉన్నదేంటో చూడండి. అందరూ రాజకీయ ఖైదీలు. అందరూ రాయగలిగినవాళ్లు. జైలుకి పోకముందే వాళ్లకి పాఠకులున్నారు, అచ్చేసేవాళ్లున్నారు, బయట ఎదురుచూసేవాళ్లున్నారు. పక్క బ్యారక్‌లో ఉన్న బియ్యం దొంగకి అవేవీ లేవు. వట్టికోట ఆళ్వారుస్వామి 'జైలు లోపల' కథల్లో ఆ పక్కవాడి వైపు చూశాడు, అందుకే ఆ పుస్తకం అంటే నాకు గౌరవం. అయినా అక్కడ కూడా చెప్పింది ఆళ్వారుస్వామే.

మన జైళ్లలో ఉన్నవాళ్లలో ఎక్కువమంది పదో తరగతి దాటనివాళ్లు, లేదా అసలు బడి మొహమే చూడనివాళ్లు. వాళ్ల చేతికి కాగితం కలం ఇచ్చి 'మీ అనుభవాలు రాయండి' అంటే అది దయ కాదు, ఎగతాళి. కానీ వాళ్లకి మాట వచ్చు. కథ చెప్పడం వచ్చు. ఇసుకలో తాబేటి గుడ్లు ఎట్లా వెతకాలో, వరిచేలో ఎలక బొక్క ఎటు తిరుగుద్దో, తుపాను ముందురోజు సముద్రం ఏ రంగులో ఉంటదో చెప్పమనండి, రాత్రంతా చెప్తారు. ఇప్పటిదాకా సాహిత్యం పెట్టిన గడప అక్షరం. ఆ గడప దాటలేకపోయినవాళ్లని ఆడియో గడప లేకుండా లోపలికి పిలవగలదు. పాడ్‌కాస్టు అనే ఈ కొత్త సరంజామా గురించి నాకున్న ఆశంతా ఇదే. దాన్ని మనం ఏం చేశామయ్యా అంటే, ఆ గడప అవతలివాణ్ణి ఇంకోసారి నేరస్తుడని ప్రకటించే మైకుగా వాడుతున్నాం.

*

జైలు రేడియో గురించి ఒక ముక్క న్యాయంగా చెప్పాలి. తిహార్‌లో 2013లో ఎఫ్ఎం మొదలైంది. ఢిల్లీలో జర్నలిజం పాఠాలు చెప్పే వర్తికా నందా 2019లో ఆగ్రా జిల్లా జైల్లో, 2021 నుంచి పానిపట్‌తో మొదలుపెట్టి హర్యానా జైళ్లలో రేడియోలు పెట్టించింది. తినకా తినకా అని ఆ పనికి పేరు. కోవిడ్ రోజుల్లో ములాఖత్‌లు ఆగిపోయి, ఇంటివాళ్లు బతికున్నారో లేదో తెలియని స్థితిలో ఉన్న ఖైదీలకి ఆ రేడియో ఎంత తోడయ్యుంటుందో ఊహించగలను. దాన్ని తీసిపారేసే హక్కు, ఇంట్లో కూర్చుని రాసుకునే నాకు లేదు.

కానీ ఆ రేడియో తీగ ఎటు వెళ్తుందో చూడండి. లోపలి స్టూడియో నుంచి లోపలి బ్యారక్‌కి. గోడ దగ్గర ఆగిపోతుంది. గోడ దాటి యూట్యూబ్ మీదికి వచ్చే కొద్దిపాటి కార్యక్రమాల్లోనూ ఒక బాణీ స్థిరపడింది: పాట, పశ్చాత్తాపం, జైలు వారికి కృతజ్ఞత. జైలు అనుమతితో, జైలు గదిలో, జైలు అధికారి వినబోతున్నాడని తెలిసి మాట్లాడే మనిషి ఇంకేం మాట్లాడతాడు? నీళ్లపప్పు గురించి మాట్లాడతాడా? బెయిలొచ్చి కూడా పూచీకత్తు ఇచ్చేవాళ్లు లేక లోపలే ఉండిపోయానని చెప్తాడా? పశ్చాత్తాపం గొప్పదే. కానీ శిక్షే పడనివాడు దేనికి పశ్చాత్తాపపడాలి?

ఈ ప్రశ్న ఊరికే అడగడం లేదు. జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క ప్రకారం 2022 చివరికి దేశంలోని జైళ్లలో 5,73,220 మంది ఉన్నారు. అందులో 4,34,302 మంది విచారణ ఖైదీలు. అంటే ప్రతి నలుగురిలో ముగ్గురి నేరం ఇంకా రుజువు కాలేదు. క్రైమ్ పాడ్‌కాస్టు వాళ్లని ముందే దోషుల్ని చేసేసింది. జైలు రేడియో వాళ్లని ముందే మార్చేసింది. కోర్టొక్కటే ఇంకా తేల్చలేదు.

*

గొంతు రికార్డు చేసినంత మాత్రాన గొంతు ఇచ్చినట్టు కాదని వందేళ్ల కిందటే రుజువైంది. మొదటి ప్రపంచయుద్ధంలో జర్మన్లకి దొరికిన భారతీయ సిపాయిల్ని బెర్లిన్ దగ్గర వూన్స్‌డోర్ఫ్‌లో ఒక శిబిరంలో పెట్టారు. 1915 నుంచి 1918 దాకా జర్మన్ భాషావేత్తలు గ్రామఫోన్ యంత్రం పట్టుకుని ఇలాంటి శిబిరాలు తిరిగారు. ఖైదీని గొట్టం ముందు నిలబెట్టి కథ చెప్పమన్నారు, పాట పాడమన్నారు. ఉచ్చారణ రాసుకున్నారు, యాస రాసుకున్నారు, పళ్ల వరస కూడా రాసుకున్నారు. మాల్ సింగ్ అనే పంజాబీ సిపాయి 1916 డిసెంబరులో ఆ గొట్టం ముందు నిలబడి తన గురించే ఎవరో మూడో మనిషి గురించి అన్నట్టు చెప్పుకున్నాడు: ఇంటి దగ్గర వెన్న తినేవాడని, ఈ యుద్ధంలో చిక్కుకున్నాడని, ఇంటికి పోవాలనుకుంటున్నాడని. యాస శాస్త్రానికి ఉపయోగపడింది. ఇంటికి పోవాలన్న మాటని ఎవరూ పట్టించుకోలేదు. ఆ పళ్లేలు ఇప్పటికీ బెర్లిన్‌లో భద్రంగా ఉన్నాయి. 2007లో ఫిలిప్ షెఫ్నర్ అనే దర్శకుడు వాటి మీద సినిమా తీసేదాకా ఆ మాటని మాటగా విన్నవాళ్లు తక్కువ.

మన రిజిస్టర్ వేలిముద్ర తీసుకుంది, వాళ్ల రిజిస్టర్ ఉచ్చారణ తీసుకుంది. అంతే తేడా.

మరి గొంతూ కథా కలిసిన చోటు లేదా? ఉంది. కాలిఫోర్నియాలోని శాన్ క్వెంటిన్ జైలు. 2017 జూన్‌లో అక్కడ నుంచి 'ఇయర్ హసిల్' అనే పాడ్‌కాస్టు మొదలైంది. దోపిడీ కేసులో 31 ఏళ్ల నుంచి యావజ్జీవం దాకా శిక్ష పడ్డ అర్లాన్ వుడ్స్, మరో ఖైదీ ఆంట్వాన్ విలియమ్స్, బయట నుంచి వచ్చి స్వచ్ఛందంగా పనిచేసే నైజెల్ పూర్ అనే కళాకారిణి కలిసి పెట్టారు. జైలు యాసలో ఆ పేరుకి అర్థం పొంచి వినడం. మొదటి ఎపిసోడ్ దేని గురించి? హత్య గురించి కాదు. బల్లపరుపంత గదిలో ఇంకో మనిషితో ఏళ్లతరబడి ఎట్లా సర్దుకుపోవాలనే దాని గురించి. ఇంకో దాంట్లో ఒకతను గదిలో పురుగూ పుట్రా పెంచుకుంటాడు. నేరం అడిగితే చెప్తారు, దాచరు. కానీ నేరంతో మొదలుపెట్టరు. వుడ్స్ శిక్షని గవర్నర్ 2018లో తగ్గించాడు, అతను బయటికొచ్చి కూడా ఆ పని ఆపలేదు. 2020లో పులిట్జర్ ఆడియో విభాగంలో చివరి వరసదాకా వచ్చింది ఆ కార్యక్రమం.

అక్కడ కూడా అధికారి వినకుండా ఏదీ బయటికి రాదు. ఎపిసోడ్ చివర ఆ అధికారే మైకులోకి వచ్చి దీన్ని అనుమతిస్తున్నాను అని చెప్పేవాడు. అదీ సెన్సారే. కానీ పేరున్న సెన్సారు. ఎవరు విన్నారో, ఎవరు సరే అన్నారో శ్రోతకి తెలుసు. మన దగ్గర సెన్సారుకి మొహం లేదు, అందుకే దానికి జవాబుదారీ కూడా లేదు.

*

'అది అమెరికా, ఇక్కడ చట్టం ఒప్పుకోదు' అంటారు. చట్టం ఏమందో చూద్దాం.

1965లో బొంబాయిలో నిర్బంధంలో ఉన్న ప్రభాకర్ పాండురంగ్ సాంజ్‌గిరి మరాఠీలో అణువు గురించి ఒక విజ్ఞాన పుస్తకం రాశాడు. బయటికి పంపనివ్వలేదు. సుప్రీంకోర్టు పంపమంది. 1974లో విశాఖ సెంట్రల్ జైల్లోని నక్సలైటు ఖైదీలు గోడ మీది కరెంటు తీగ తీసేయమని సుప్రీంకోర్టుకి వెళ్లారు. ఆ పిటిషన్ ఓడిపోయింది. కానీ శిక్ష పడ్డంత మాత్రాన ఖైదీకి ప్రాథమిక హక్కులన్నీ పోవనే సూత్రం ఆ తీర్పులోనే ఉంది. అంటే ఈ దేశపు ఖైదీలందరి తరఫున విశాఖ జైలు ఆ మాట సంపాదించిపెట్టింది. 1994లో ఆటో శంకర్ ఆత్మకథ కేసు. ఆరు హత్యల కేసులో ఉరిశిక్ష పడ్డ మనిషి జైల్లో రాసుకున్న ఆత్మకథని తమిళ పత్రిక నక్కీరన్ వేయబోతే అధికారులు అడ్డుపడ్డారు. ముందుగానే ఆపే అధికారం మీకు లేదని సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తీర్పు రాసింది మన జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి. తొంభైల చివర్లో ఎం. హసన్ కేసులో మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టే ఇంకో అడుగు ముందుకేసింది: ఉరిశిక్ష పడ్డ ఇద్దరిని ఇంటర్వ్యూ చేస్తామన్న పాత్రికేయుల్ని కాదనడం తప్పని, ఖైదీ ఇష్టపడితే మాట్లాడటం అతని భావప్రకటనా హక్కేనని చెప్పింది.

కోర్టులు తెరిచిన తలుపుని ఒక సర్క్యులర్ దగ్గరగా వేసింది. తిహార్‌లో తీసిన ఒక ఇంటర్వ్యూ ఉన్న 'ఇండియాస్ డాటర్' డాక్యుమెంటరీ మీద గొడవయ్యాక, 2015 జులైలో కేంద్ర హోంశాఖ రాష్ట్రాలకి మార్గదర్శకాలు పంపింది. పత్రికలవాళ్లనీ, సంస్థలనీ, డాక్యుమెంటరీలు తీసేవాళ్లనీ మామూలుగా జైల్లోకి రానివ్వకూడదు. అనుమతిస్తే లక్ష రూపాయల డిపాజిట్ కట్టాలి. పని అయ్యాక కెమెరా, టేప్ రికార్డర్ ఏదైనా సరే, సూపరింటెండెంటుకి అప్పగించాలి. ఆయన మూడు రోజులు పెట్టుకుని చూస్తాడు, వింటాడు. అభ్యంతరం అనిపిస్తే తీసేయిస్తాడు.

ఆలోచించండి. జైల్లో పెట్టే భోజనం బాగాలేదని ఒక ఖైదీ రికార్డర్‌లో చెప్పాడు. మీరు ఆ రికార్డర్ ఆ భోజనం పెట్టే అధికారికే ఇచ్చి ఇంటికొచ్చారు. మూడు రోజులు ఆ మనిషి అదే అధికారి చేతికింద ఉన్నాడు. అసలు నోరు తెరుస్తాడా? ఈ నిబంధనకి సెన్సార్ చేయాల్సిన అవసరం కూడా రాదు.

*

మూడు అభ్యంతరాలున్నాయి, మూడూ గట్టివే.

మొదటిది బాధితులది. కూతుర్ని పోగొట్టుకున్న తల్లి ఒకరోజు ఫోన్ తెరిస్తే ఆ హంతకుడి గొంతు కథలు చెప్తూ వినబడితే? దీనికి నా దగ్గర తేలికైన జవాబు లేదు, ఉందనేవాళ్లని నమ్మను కూడా. కానీ ఇప్పుడు నడుస్తున్న క్రైమ్ పాడ్‌కాస్టులు ఆ తల్లిని అడిగే చేస్తున్నాయా? ఆవిడ కూతురి చివరి గంటని నేపథ్య సంగీతంతో సహా అమ్ముతున్నది వాళ్లే కదా. బాధితుల మీద గౌరవం ఉంటే ముందు ఆపాల్సింది దాన్ని. ఖైదీ చెప్పే కార్యక్రమానికి కొన్ని నియమాలు పెట్టుకోవచ్చు: బాధితుల పేర్లొద్దు, నేరం వర్ణన వద్దు, బాధిత కుటుంబం కాదంటే ఆ ముక్క వద్దు. ఆ కుటుంబం మాట్లాడతానంటే వాళ్లకీ మైకు ఇవ్వాలి.

రెండోది లాయర్లది. కేసు నడుస్తుండగా ఖైదీ మాట్లాడితే ఆ మాట అతని మెడకే చుట్టుకోవచ్చు. సరైన భయం. అందుకే విచారణ ఖైదీ కేసు గురించి మాట్లాడకూడదు, లాయరు సమ్మతి లేకుండా ఏదీ బయటికి పోకూడదు. కానీ కేసు తప్ప ఆ మనిషికి ఇంకేం లేదా? వాయిదా రోజు పోలీసు వ్యాన్ కిటికీలోంచి ఏం కనబడింది, బిడ్డ పెళ్లి ఎట్లా జరిగిందని విన్నాడు, సీజన్‌లో పడవ ఎవరు తోలారు, బెయిల్ పూచీకత్తు కోసం భార్య ఎవరెవరి గడప తొక్కింది. ఇవేవీ కేసు డైరీలో ఉండవు. జైలంటే ఏంటో మాత్రం వీటిలోనే ఉంది.

మూడోది: వాళ్లు అబద్ధాలు చెప్తారు. చెప్తారు. మీరూ నేనూ ఆత్మకథ రాసుకుంటే ఎన్ని చెప్తాం? ఎఫ్ఐఆర్‌లో ఎన్ని ఉంటాయి? అబద్ధం చెప్పే హక్కు కాదు నేను అడుగుతున్నది. అబద్ధమో నిజమో తేల్చుకోవడానికి రెండో గొంతు కూడా మన ముందుండాలని అడుగుతున్నా.

*

నెల్లూరు నుంచి చెన్నై పోయే దారిలో, ఊరు దాటాక చెముడుగుంట ఉంటుంది. రాష్ట్రంలోని సెంట్రల్ జైళ్లలో ఒకటి అక్కడే. ఆ పేరు ముళ్ల జెముడు చెట్ల వల్ల వచ్చి ఉండొచ్చు. నాకు మాత్రం అటు వెళ్లినప్పుడల్లా చెవుడు అనే వినబడుతుంది. ఎవరి చెవుడో వేరే చెప్పాలా?

జైళ్ల శాఖని అడిగేది పెద్దదేం కాదు. ఆ జైల్లో ఒక గది, రెండు మైకులు, నేర్పడానికి వారానికోసారి వచ్చే ఇద్దరు మనుషులు. ఏం తీసేశారో, ఎందుకు తీసేశారో రాతపూర్వకంగా చెప్పే ఒక అధికారి, ఆయన పేరు. లక్ష రూపాయల డిపాజిట్ రద్దు. ఫిర్యాదు చెప్పిన ఖైదీ మీద కక్ష సాధించకుండా జిల్లా న్యాయసేవాధికార సంస్థ కన్ను. జైళ్లు రాష్ట్ర ప్రభుత్వం కింద ఉంటాయి. వీటిలో చాలావాటికి ఢిల్లీ దాకా పోనక్కర్లేదు.

పాడ్‌కాస్టులు చేసే మిత్రులకి చెప్పేది ఇంకా చిన్నది. తెలుగులో ఆడియో సాహిత్యం ఈ కొద్ది ఏళ్లలోనే నిలబడింది. 'హర్షణీయం', 'దాసుభాషితం' లాంటివి కథని చెవికి తెచ్చాయి, వినడం మళ్లీ అలవాటు చేశాయి. ఆ చెవుల్లోకి మీరు ఏం పోస్తున్నారో చూసుకోండి. కోర్టు తేల్చని కేసులో మనిషి పేరు చెప్పకండి. కులం చెప్పకండి, ఊరిపేరుతో కులాన్ని సూచించకండి. విడుదలై బయటికొచ్చినవాళ్లు ఎంతమంది లేరు? వాళ్ల దగ్గరికి పోవడానికి ఏ సూపరింటెండెంటు అనుమతీ అక్కర్లేదు. ఒక్కరినైనా కూర్చోబెట్టి, నేరం గురించి అడక్కుండా గంటసేపు వినండి. కష్టమే. నేరం అడక్కపోతే మనకి ప్రశ్నలే ఉండవు. ఆ మనిషి గురించి మనం ఎప్పుడూ ఆలోచించలేదని తెలిసేది అప్పుడే.

ఇక మనం, వినేవాళ్లం. మన ఇళ్లలో కథ చెప్పే పెద్దవాళ్లు మధ్యలో ఆగి చూసేవాళ్లు, పిల్లలు ఊ కొడుతున్నారా లేదా అని. ఊ ఆగిపోతే కథ ఆగిపోయేది. నెలకి ఇన్ని లక్షల ప్లేలు అని క్రైమ్ పాడ్‌కాస్టు చూపించే అంకెలు మనం కొట్టిన ఊలే. ఇన్నాళ్లుగా బల్ల ముందు కూర్చున్నవాళ్లు చెప్పిన కథకే ఊ కొడుతున్నాం. బల్ల వెనక ముసుగులో నిలబడ్డవాడికి కూడా నోరుంది, కథుంది. ఊ కొట్టేవాళ్లు మాత్రం లేరు.